తినకుండా రాసిన ఉగ్గాని

ఆదోని, ఎమ్మిగనూరు వెళ్ళి మూడు రోజుల తర్వాత ప్రాణంతోనూ ఉద్యోగంతోనూ తిరిగొచ్చాను. బయల్దేరేటప్పుడు ఆ రెండోదాని మీద నాకు బొత్తిగా ఆశ లేదు. ఇల్లు చేరి, చెప్పులు విప్పి, ఫ్యాను కింద కూలబడి హమ్మయ్య అనుకున్నాకే ఇది రాయడానికి కూర్చున్నాను.

హైదరాబాదులో టీవీ యాడ్లు రాయడం నా పని. ఇరవై రెండేళ్ళుగా సబ్బులూ సిమెంట్లూ పట్టుచీరలూ అమ్మిపెడుతున్నాను. ముప్పై సెకన్లిస్తే దేన్నయినా అమ్మగలనని పొగరు కూడా ఉండేది, ఎందుకు దాచాలి! మొన్నామధ్య ఒక వంటనూనె కంపెనీ వాళ్ళు రాయలసీమలో కొత్తగా అమ్మకాలు మొదలుపెడుతూ, అక్కడి వంటకం ఏదైనా పెట్టి రాయమన్నారు. ఉగ్గాని పెట్టి రాశాను. తెల్లజుట్టు అమ్మమ్మ, పక్కన మనవరాలు, బాణలిలో నూనె, నూనెలో చిటపటలాడే బొరుగులు, చివర్లో "ఆదోని అమ్మమ్మ చేతి ఉగ్గాని" అని తీయటి గొంతు. మాది భీమవరం. బొరుగుల్ని మేం మరమరాలంటాం, సాయంత్రం పూట ఉల్లిపాయ, నిమ్మరసం కలుపుకుని కాలక్షేపానికి తింటాం. ఉగ్గాని నేను జన్మలో తినలేదు. తిన్నదాన్నే రాయాలంటే మా వృత్తిలో ఎవరికీ పూట గడవదు.

యాడ్ టీవీలో మొదలైన కొద్దిరోజులకే ఫోన్లలో ఒక రీల్ తిరగడం మొదలెట్టింది. పైసగంలో మా యాడ్. కిందిసగంలో, ఆదోనిలో బండి పెట్టుకున్న ఒకావిడ పడీపడీ నవ్వుతూ, "అయ్యో నా తల్లీ! బొరుగులు నానబెట్టకుండా నూనెలో ఏస్తారా ఎవురన్నా? ఏ ఊర్లో నేర్సుకొంటివి?" అంటుంది. అంతే! తెలుగు తెలిసినవాళ్ళంతా ఆవిడతో కలిసి నవ్వారు. ఉగ్గానికి బొరుగుల్ని ముందు నీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, ఆ తర్వాతే పోపులో వేస్తారట. మేం ఎండు బొరుగుల్ని తిన్నగా నూనెలో పోశాం. ఆ నూనె సీసా ఫొటో కింద ఎవరెవరు ఏమేం రాశారో ఇక్కడ తిరిగి రాయలేను, పిల్లలు చదువుతారు.

కంపెనీ పెద్దమనిషి మండిపడ్డాడు. శుక్రవారంలోగా ఆ బండి ఆవిడ రీల్ తీసేసి, కంపెనీ పరువు కావాలనే తీశానని ఒప్పుకుంటూ క్షమాపణ పత్రం ఇవ్వాలి, లేకపోతే ఆవిడ మీదికి లాయరు నోటీసు పంపుతామన్నాడు. మా బాసు ఆ పత్రం టైపు చేయించి నా చేతిలో పెట్టి, "నువ్వు రాసిందే కదా, నువ్వే వెళ్ళు" అన్నాడు. సంతకం తేకపోతే సోమవారం నుంచి రావక్కర్లేదని నోరు విప్పి అనలేదు. అనకుండానే బాగా అర్థమయ్యేలా చూశాడు.

ఆదోనిలో దిగాక

బుధవారం పొద్దున ఆదోనిలో దిగాను. పత్తి సీజను. మార్కెట్ యార్డుకు పోయే దారి పొడుగునా బండ్లు, ట్రాక్టర్లు, లారీలు. రోడ్డు పక్క కంపచెట్ల ముళ్ళకు కూడా తెల్లగా దూది చిక్కుకుని ఉంది. మా వైపు కోతల కాలంలో గాలికి వడ్ల దుమ్ము వాసన వస్తుంది, ఇక్కడ గాలే దూది. ఆటో ఎక్కిన అయిదు నిమిషాలకు తుమ్ములు పట్టుకున్నాయి. ఒకటి కాదు రెండు కాదు, వరసగా పదకొండు.

ఆటో అతను ఫోన్లో ఉర్దూ, పక్క సీటులో కూర్చున్న రైతుతో కన్నడం, నాతో తెలుగు, మధ్యలో ఎక్కడా తడుముకోకుండా మాట్లాడుతున్నాడు. నేను చెప్పీ చెప్పకముందే, "ఉగ్గాని హుసేనమ్మ బండికా మేడం? ఫోన్లో సూసి వచ్చినారా? శానామంది వస్తాండారులే" అన్నాడు. ఊళ్ళో దిగి గంట కాలేదు, అప్పుడే నా యాడ్ ఎదురొచ్చింది.

"అట్టనా! బాగుంటుందా ఆవిడ ఉగ్గాని?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"బాగుంటాదా అంటే ఏం సెప్పల్ల మేడం? టీవీలో మాదిరి కాదులే" అని తనే నవ్వుకున్నాడు. నలభై రూపాయలు తీసుకుని యార్డు పక్క సందులో దింపాడు.

హుసేనమ్మ బండి

హుసేనమ్మకు యాభై పైన ఉంటాయి. పొట్టి మనిషి, పెద్ద గొంతు. కొంగు తల మీంచి జారినప్పుడల్లా మోచేత్తో సర్దుకుంటుంది. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడతారట. కొడుకు మౌలాలి, పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో పనిచేస్తాడు. ఇవన్నీ నేను అడక్కుండానే, నా చేతికి ప్లేటు వచ్చేలోపల చెప్పేసింది. ప్లేటు ముప్పై అయిదు రూపాయలు, దాంట్లోనే రెండు మిరపకాయ బజ్జీలు.

నా కళ్ళ ముందే బొరుగుల్ని బక్కెట్లో ముంచి, రెండు చేతులా తీసి, పిడికిట్లో నీళ్ళు కారిపోయేలా పిండి, ఉల్లిపాయ పోపులో పడేసింది. చప్పుడు లేదు. పైన పప్పుల పొడి, కొత్తిమీర చల్లింది. మెత్తగా, పుల్లగా, కారంగా, ఎంత బాగుందో! మరమరాలకు ఇంత యోగం ఉందని నాకు నలభై ఆరేళ్ళు వచ్చినా తెలియలేదు. ఆ ఊపులో బజ్జీని మా భీమవరం బజ్జీ అనుకుని సగానికి కొరికాను. కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు. హుసేనమ్మ గబగబా మజ్జిగ గ్లాసు అందించి, "నంజుకోవల్ల అక్కా, కొరుక్కోకూడదు. యాడ నుంచి వచ్చినావు నువ్వు?" అంది.

మజ్జిగ తాగించిన మనిషికి అబద్ధం చెప్పలేకపోయాను. జనం పల్చబడ్డాక, ఆ యాడ్ రాసింది నేనేనని చెప్పి, ఆ రీల్ తీసేయమని అడగడానికి వచ్చానన్నాను.

ఆవిడ గరిటె పక్కన పెట్టి నన్ను కిందికీ పైకీ చూసింది. "నువ్వేనా? సదువుకొన్నదాని మాదిరి ఉండావే!" అంది. ఆ తర్వాత, "నేనెందుకు మీ యాడ్ని ఎక్కిరిస్తానక్కా? మా ఇంట్లో టీవీ సెడిపోయి ఏడాదాయ. నాకాడ ఉండేది మాట్లాడే ఫోను. నేను నవ్వింది మీ మీద కాదు, నా కోడలి మీద" అంది.

అసలు సంగతి ఇది. మూడు నెలల కింద మౌలాలికి ఎమ్మిగనూరు పిల్ల మాబున్నితో పెళ్ళయింది. ఒకరోజు హుసేనమ్మ పిండి కోసం ఇంటికి వెళ్ళొచ్చేసరికి, కొత్తకోడలు బండి దగ్గర ఎండు బొరుగుల్ని నూనెలో పోసేసింది. అత్త చూసి నవ్వింది. నిలబడ్డ గిరాకీలంతా నవ్వారు. వాళ్ళలో ఒకడు ఫోన్లో తీశాడు. ముందు అది ఊళ్ళో గ్రూపుల్లో తిరిగింది, పిల్ల మొహంతో సహా. తర్వాత ఎవరో దాన్ని కత్తిరించి, పిల్లని తీసేసి, మా యాడ్ కింద అతికించారు. లోకం మా నూనెను చూసి నవ్వుకుంది. ఆదోని మాత్రం మాబున్నిని చూసి నవ్వింది. కూరగాయలకు పోతే "టీవీ కోడలు", కొళాయి దగ్గరికి పోతే "టీవీ కోడలు". పది రోజులు ఓర్చుకుని ఆ పిల్ల పుట్టింటికి వెళ్ళిపోయింది. వెళ్ళి నెల దాటింది. మౌలాలి రెండుసార్లు వెళ్ళి ఒంటరిగానే తిరిగొచ్చాడు.

"నేను ఊరికే నవ్వితినక్కా. ఇంట్లో అయితే ఆ పిల్ల కూడా నవ్వేది. అంతమంది ముందర నవ్వితి సూడు, అదీ నేను సేసిన తప్పు" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

నేను పత్రం తీసి, అందులో ఏముందో నసుగుతూ చెప్పాను. ఆవిడ పూర్తిగా వినలేదు. "నాకు సదువు రాదు. ఏలిముద్ర యాడ ఎయ్యాల్నో సూపీ, ఏస్తా. తప్పు నాదే అని రాసుకో, ఏమన్నా రాసుకో. మా కోడల్ని మాత్రం తెచ్చియ్యి" అంటూ బొటనవేలు చీరకు తుడిచి నా ముందు పెట్టింది.

చూడండి, నేను వచ్చిన పని అయిపోయింది! ఆ వేలు పట్టుకుని కాగితం మీద ఒత్తితే చాలు, మధ్యాహ్నం రైలుకే వెనక్కి పోవచ్చు. పర్సులో ఇంకు ప్యాడు కూడా ఉంది, బాసు గుర్తుపెట్టుకుని మరీ పెట్టించాడు. నాకు సిగ్గేసింది. ఇరవై రెండేళ్ళలో ఈ పనిలో నాకు సిగ్గేయడం అదే మొదలు. "ఇంకు తేలేదమ్మా" అని అబద్ధమాడి, పుట్టింటి అడ్రసు అడిగి తీసుకున్నాను.

ఎమ్మిగనూరు బస్సు

గురువారం పొద్దున్నే పల్లెవెలుగు ఎక్కాను. ఈ రాష్ట్రంలో ఆడవాళ్ళకు టికెట్టు లేదు కదా అని దర్జాగా ఆధార్ తీసి చూపిస్తే, కండక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి, "హైదరాబాద్ అడ్రసు ఉందే మేడం! మీకు కాదు ఇది" అని టికెట్టు కొట్టాడు. బస్సులో ఉన్న ఆడవాళ్ళంతా నన్ను జాలిగా చూశారు.

పక్కన హొళగుంద వైపు పెద్దాయన కూర్చున్నాడు. ఎమ్మిగనూరులో కూతురింటికి సంచి నిండా జొన్నలు తీసుకుపోతున్నాడు. నేను ఏం పని చేస్తానో విని, "మా పక్క దేవరగట్టు విన్నారా? దసరాకు కట్టెలతో కొట్టుకొనేది సూసేదానికి ఫోన్లు పట్టుకొని వస్తారు. కట్టెలు, రక్తం, అంతే తీసుకొని పోతారు. ముందర వారం దినాలు మేము ఉపాసం ఉంటాము, సెప్పులు ఏసుకోము, మంచం మీద పండుకోము. అది ఎవురూ తీయరు" అన్నాడు.

"తీస్తే ఎవరూ చూడరు తాతా" అన్నాను, వృత్తి అలవాటు కొద్దీ.

"సూడకపోతే మానె. తీసేదానికేం?" అన్నాడాయన. కిటికీలోంచి నల్లరేగడి చేలు, ఏరని పత్తి, ఎండుమిరప కళ్ళాలు చూస్తూ కూర్చున్నాను. ఆ పిల్ల మొహం మీద తలుపేస్తే ఏం చేయను?

పరుపుల కొట్టు

మాబున్ని తండ్రి దస్తగిరి పరుపులు కుడతాడు. రోడ్డు వారన కొట్టు, వెనక ఇల్లు. లోపల దూది కొండలా పోసి ఉంది. మళ్ళీ తుమ్ములు. "టీవీ యాడ్ సంగతి మాట్లాడ్డానికి వచ్చాను" అనగానే ఆయన మొహం ముడుచుకుంది గానీ, ఇంటికొచ్చిన మనిషిని నిలబెట్టడం వాళ్ళ పద్ధతి కాదు. స్టూలు వేసి టీ తెప్పించాడు. టీ అయ్యాక నిలదీశాడు.

"ఫోన్లో పరుపు కొంటాండారు మేడం ఇప్పుడు. డబ్బాలో సుట్టుకొని వస్తాది. నూరు రాత్రులు పండుకొని సూడు, నచ్చకపోతే వాపస్ ఇయ్యి అంటారు. నా పరుపుల మీద ఈ ఊరు ముప్పై ఏండ్లుగా పండుకొంటాండాది, ఒగరూ వాపస్ తేలే. దీనికి యాడ్ ఎట్ల తీస్తారో సెప్పండి."

మంచి యాడే అవుతుంది, ఆ మాటలే చాలు అన్నాను. ఆయన మెత్తబడ్డాడు.

మాబున్ని లోపల దుప్పటికి కుట్లు వేస్తోంది. ఇరవై ఉంటాయేమో. తలెత్తలేదు. కింద కూర్చుని, ఆ యాడ్ రాసింది నేనేనని చెప్పాను. సూది ఆగింది.

"మా ఊర్లో బొరుగులు నానబెట్టే సేస్తాము మేడం. నాకు తెలీదనుకొంటిరా?" అంది మెల్లగా. "మీరు ఆదోని అమ్మమ్మ అని సెప్పిరి. ఓహో, ఆదోనోళ్ళు ఇట్ల సేస్తారేమో, మనది వేరే ఏమో అనుకొంటి. అత్తకు తెలీకుండా నేర్సుకొని, ఆమె మెచ్చుకోవల్లని ఫోన్లో పదిసార్లు సూస్తి."

ఆ పిల్లకి ఉగ్గాని వచ్చు, చిన్నప్పటి నుంచీ వచ్చు. అత్తగారి ఊరి పద్ధతిలో చేసి మెప్పు పొందాలని, వచ్చినదాన్ని వదిలేసి నన్ను నమ్మింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. షూటింగులో వంటవాడు బొరుగులు తడిపి పోస్తే చప్పుడు రాలేదు, ఎందుకు తడిపాడో నేను అడగనైనా అడగలేదు. టీవీలో చప్పుడు లేకపోతే నోరూరదని డైరెక్టరు ఎండువి పోయించాడు. నేను పక్కనే కూర్చుని బాగుంది బాగుంది అన్నాను. ఆ అమ్మమ్మకి ఆదోని ఏ దిక్కున ఉందో తెలియదు. నేను ఉగ్గాని తినడం కూడా నిన్ననే మొదలు.

"తినకుండా రాసినారా?" అని తలెత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మీకు సప్పుడు కావల్లని ఊరంతా నన్ను సూసి నవ్విరా?"

"అవునమ్మా. తప్పు నాది."

"నాకు సెప్తే ఏం లాభం? నన్ను సూసి నవ్వినోళ్ళకి సెప్పండి" అని ఫోను తీసి నా మొహానికి ఎదురుగా పట్టుకుంది.

ఆ వీడియో బయటికి పోతే కంపెనీ వాళ్ళు ఊరుకోరు, ఉద్యోగం పోయినట్టే. అది తెలుసు. అయినా వద్దనలేకపోయాను. మొదలుపెట్టాను. సగం కాకముందే గుమ్మంలోంచి దస్తగిరి ఆపాడు. "మేడం, ఏమో అమ్మేదాని మాదిరి సెప్తాండారు. మామూలుగా సెప్పండి."

రెండోసారీ అంతే, నా గొంతు దానంతటదే తీయగా అయిపోతోంది! మూడోసారి కళ్ళజోడు తీసేసి చెప్పాను. "ఉగ్గాని యాడ్ రాసింది నేను. రాసేనాటికి నేను ఉగ్గాని తినలేదు. ఎండు బొరుగులు నూనెలో వేయడం మా తెలివితక్కువతనం. మాబున్నికి ఉగ్గాని బాగా వచ్చు. నవ్వాలంటే నన్ను చూసి నవ్వండి." అంతే. ఇరవై సెకన్లు కూడా లేదు.

మాబున్ని దాన్ని రెండుసార్లు చూసుకుని, వీడియో ఎవరెవరికి పంపాలో వాళ్ళందరికీ పంపింది. తండ్రి తన గిరాకీల గ్రూపులో పెట్టాడు. మధ్యాహ్నం జొన్నరొట్టె, పప్పు, శనక్కాయల పొడి పెట్టారు. రొట్టె మీద నెయ్యి వేసుకోవడానికి నేను చెంచా అడిగితే, మాబున్ని తల్లి నా చెయ్యి పట్టుకుని వేళ్ళతో ఎలా అద్దుకోవాలో చూపించింది. తిన్నాక ఆ పిల్ల లేచి, లోపలికి వెళ్ళి, సంచి సర్దుకుని వచ్చింది.

"పోదాం పాండి మేడం. ఇంగ వాళ్ళు నవ్వితే నేనూ నవ్వుతా" అంది.

మళ్ళీ ఆదోని

తిరుగు బస్సులో బాసు ఫోను చేశాడు. అరుస్తాడని దూరంగా పట్టుకున్నాను. అరవలేదు. యాడ్ రాసిన మనిషే తప్పు ఒప్పుకున్నాక బండి ఆవిడకి నోటీసు పంపితే ఇంకా నవ్వులపాలవుతామని కంపెనీ లాయరే చెప్పాడట. నోటీసు లేదు. యాడ్ ఆ రాత్రి నుంచి ఆపేస్తున్నారు. ఆ నూనె పని మాత్రం మా ఏజెన్సీ చేతిలోంచి పోయింది.

"మరి నేను?" అన్నాను.

"సోమవారం రా. సిమెంటు ఉంది. దాన్నైతే తినక్కర్లేదు" అని పెట్టేశాడు.

ఎంత తేలికయిందో చెప్పలేను! క్షమాపణ పత్రాన్ని సంచిలోనే ముక్కలు ముక్కలుగా చించాను. మాబున్ని చూసి అదేమిటని అడిగింది. మీ అత్త వేలిముద్ర వేయబోయిన కాగితమని, నువ్వు వస్తావంటే ఏ తప్పయినా ఒప్పుకుంటానందని చెప్పాను. ఆ పిల్ల మిగతా దారంతా కిటికీ వైపు తిరిగే కూర్చుంది.

బండి దగ్గరికి చేరేసరికి సాయంత్రం బజ్జీల వేళ. వీడియో మాకంటే ముందే చేరినట్టుంది, సందు నిండా జనం. మాబున్నిని చూసి ఎవడో, "టీవీ కోడలు వచ్చెరా!" అన్నాడు. ఆ పిల్ల అడుగు ఆగిపోయింది.

హుసేనమ్మ తల తిప్పింది. కోడల్ని చూసింది. బాణలిలో ఉన్న బజ్జీలు అలాగే తీసి గిన్నెలో పడేసి, స్టవ్ ఆపేసి, బండి మీద గోనెపట్టా కప్పేసింది.

"ఈ పొద్దు బండి బంద్. పోండప్పా అందరూ."

"అక్కా! గంట నుంచి నిలబడి ఉండామే!" అని గోల.

"నిలబడితే ఏమి? నా కోడలు వచ్చింది. ఆ యమ్మ పేరు మాబున్ని. మా మాబున్నికి అన్నం పెట్టల్ల నేను. ఆ పేరు రానోళ్ళు రేపట్నుంచి ఈ బండి కాడికి రావద్దండి" అని అంతమంది ముందర గట్టిగా అరిచి, కోడలి చేతిలో సంచి లాక్కుంది. మాబున్ని అత్త భుజం మీద మొహం పెట్టుకుని ఏడ్చింది. ఆవిడా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, బజ్జీ కొరక్కుండానే.

జనం గొణుక్కుంటూ చెదిరిపోయారు. ఖాళీ కడుపుతో పోతున్న ఒక లారీ డ్రైవరు నన్ను గుర్తుపట్టి ఆగాడు. "ఫోన్లో తప్పు నాది అనింది నువ్వే కదా మేడం? సూడు, నీ వల్లనే ఈ పొద్దు మాకు బజ్జీలు లేకుండా పాయ!"

"నా వల్లే అన్నా," అన్నాను నవ్వుతూ, "అంతా నా వల్లే."